జోగిపేటలో మొదలై కందిలో ముగిసిన సంఘం
ఆంధ్ర పితామహ మాడపాటి హనుమంతరావు గారి జీవితం

సంగారెడ్డి: పటాన్‌చెరు, ఇస్నాపూర్, బొల్లారం చుట్టుపక్కల కొత్తగా వెలసిన కాలనీలలో గాని, పాత ఊళ్లలో గాని సంఘం లేని చోటు లేదు. కాలనీ సంఘం, యువజన సంఘం, కుల సంఘం, గుడి కమిటీ, వినాయక చవితి కమిటీ అని ఎన్నో ఉన్నాయి. వీటిలో చాలావాటికి ఒకటే జబ్బు. మొదటి రెండేళ్లు అందరూ కలిసి పని చేస్తారు. మూడో ఏడు అధ్యక్ష పదవి దగ్గర తగువు వస్తుంది. ఆ తరువాత ఒకే పేరుతో రెండు సంఘాలు, రెండు రబ్బరు ముద్రలు, రెండు చందా పుస్తకాలు తయారవుతాయి. ఒకే వీధిలో రెండు వినాయకులు కూర్చుంటారు.

ఇది నేటి సంగతి మాత్రమే కాదు. సుమారు వందేళ్ల కిందట తెలంగాణ మొత్తాన్ని కదిలించిన ఒక పెద్ద సంఘం కూడా ఇదే తగువుతో రెండుగా చీలింది. దాని మొదటి మహాసభ మన జోగిపేటలో జరిగింది. చీలిన తరువాత ఒక వర్గం వారి చివరి మహాసభ సంగారెడ్డి పక్కనే ఉన్న కందిలో జరిగింది. ఆ సంఘానికి పునాది వేసిన వారిలో ముఖ్యులు మాడపాటి హనుమంతరావు గారు. ఆయన జీవితం మన జిల్లా వారు తెలుసుకోదగినది.

గుమాస్తా నుంచి వకీలు దాకా

హనుమంతరావు గారు 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోవడం వల్ల మేనమామ అండన సూర్యాపేటలో పెరిగారు. హనుమకొండలో చదువుకుని అక్కడే విద్యాశాఖలో చిన్న ఉద్యోగంలో చేరారు. తరువాత హైదరాబాదు వచ్చి న్యాయశాఖలో అనువాదకులుగా పని చేశారు. 1917లో వకీలు పరీక్ష పూర్తి చేసి, సర్కారు నౌకరీ వదిలి ప్రాక్టీసు పెట్టారు.

ఆ రోజుల్లో నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ. హనుమంతరావు గారికి ఉర్దూ బాగా వచ్చు. ముషీరే దక్కన్ అనే ఉర్దూ పత్రికకు వ్యాసాలు రాసేవారు. తెలుగులో కథలు కూడా రాశారు. ఇంత ఉర్దూ వచ్చిన మనిషి తెలుగు కోసం పాటుపడ్డారంటే అది మరో భాష మీద ద్వేషంతో కాదని అర్థమవుతుంది. హైదరాబాదులో 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి ఆయన ఎంతో సేవ చేశారు. ఊరూరా గ్రంథాలయం, బడి ఉండాలన్నది ఆయన పట్టుదల.

సభలో నవ్వారు, సంఘం పుట్టింది

1921 నవంబరు 12న హైదరాబాదులోని వివేకవర్ధినీ థియేటరులో సంఘ సంస్కరణ సభ జరిగింది. స్త్రీ విద్య కోసం జీవితం ధారపోసిన మహర్షి కార్వే ఆ సభకు అధ్యక్షులు. ఉపన్యాసాలు ఇంగ్లీషు, మరాఠీ, ఉర్దూ భాషల్లో సాగాయి. అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోయారు. సభలో కొందరు నవ్వి, అల్లరి చేసి ఆయనను మాట్లాడనీయలేదు. అక్కడున్న తెలుగువారు ఇది తమ అందరికీ జరిగిన అవమానంగా భావించి బయటికి వచ్చేశారు. అదే రాత్రి టేకుమాల రంగారావు గారి ఇంట్లో కూడి ఆంధ్ర జన సంఘం స్థాపించారు. అలా కూడిన కొద్దిమందిలో హనుమంతరావు గారు ఒకరు.

సంఘానికి ఆయన కార్యదర్శి అయ్యారు. ఉత్తరాలు రాయడం, లెక్కలు చూడడం, ఊళ్లలో శాఖలు పెట్టించడం అన్నీ ఆయన మీదే పడ్డాయి. 1923లో ఊళ్లలోని శాఖలన్నింటినీ కలిపి కేంద్ర సంఘం ఏర్పాటు చేశారు. చదువు, గ్రంథాలయాలతో పాటు రైతులు, వర్తకులు, వృత్తులవారి బాధలు కూడా సంఘం పట్టించుకుంది. వెట్టిచాకిరి మీద హనుమంతరావు గారు ఒక చిన్న పుస్తకం రాశారు. అధికారి ఊరికి వస్తే చాకలి, కుమ్మరి, మాదిగ, బేగరి వగైరా కులాల వారు పైసా కూలి లేకుండా ఏయే పనులు చేయవలసి వచ్చేదో, చట్టం ప్రకారం అది ఎంతవరకు చెల్లదో జనానికి తెలియజెప్పారు. సర్కారును తిట్టకుండా, సర్కారు చట్టంతోనే సర్కారు నౌకర్లను నిలదీయడం ఆయన పద్ధతి.

జోగిపేటలో మూడు రోజుల పండుగ

నిజాం సర్కారు సభల మీద ఆంక్షలు పెట్టింది. 53వ నంబరు గస్తీ ఉత్తర్వు ప్రకారం ముందు అనుమతి లేనిదే బహిరంగ సభ జరపరాదు. అటువంటి కాలంలో 1930 మార్చి 3, 4, 5 తేదీలలో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి గారు అధ్యక్షత వహించారు. నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన మహిళా సభ కూడా అక్కడే జరిగింది. తెలుగు మాట్లాడితే రాజధానిలో నవ్విన రోజు నుంచి తొమ్మిదేళ్లు నిండకుండానే తెలుగువారు మన జోగిపేటలో తమ సభ తాము జరుపుకున్నారు.

తగువులు కూడా ఆ మొదటి సభలోనే కనిపించాయి. దళిత నాయకులు భాగ్యరెడ్డి వర్మ గారు సభలో పాల్గొనడం సనాతనులకు గిట్టలేదు. వితంతు వివాహం వంటి విషయాల మీద కూడా గట్టి వాదాలు నడిచాయి. అయినా సభ చెడిపోలేదు, సంఘం చీలిపోలేదు.

గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. సంఘాన్ని మోసింది హనుమంతరావు గారే అయినా మొదటి అధ్యక్ష పీఠం ఆయన ఎక్కలేదు. జోగిపేటలో ప్రతాపరెడ్డి గారు, 1931లో దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు గారు, 1934లో ఖమ్మంలో పులిజాల వెంకట రంగారావు గారు అధ్యక్షులయ్యారు. 1935లో సిరిసిల్లలో జరిగిన నాలుగో సభకు గాని హనుమంతరావు గారి వంతు రాలేదు. ఆ తరువాత మళ్లీ ఆయన ఆ పీఠం మీద కూర్చోలేదు. సభ సభకు అధ్యక్షుడు మారడం వల్ల పదవి ఎవరి సొత్తూ కాలేదు. పదేళ్ల పాటు పెద్ద తగువు లేకుండా బండి నడవడానికి ఇది ఒక కారణం అని చెప్పవచ్చు.

పెద్దలు ఒక దారి, కుర్రవారు ఒక దారి

1940 నాటికి కాలం మారింది. సంఘంలోకి యువకులు వచ్చారు. భువనగిరి ప్రాంతపు రావి నారాయణరెడ్డి గారు, కరీంనగర్ ప్రాంతపు బద్దం ఎల్లారెడ్డి గారు వారిలో ముఖ్యులు. దొరలు, దేశ్‌ముఖుల చేతిలో రైతు నలిగిపోతూ ఉంటే మహజర్లు పెట్టుకుంటూ ఎన్నాళ్లు కూర్చోవాలని వారి ప్రశ్న. సర్కారుతో నేరుగా తలపడితే సంఘాన్నే నిషేధిస్తారని, ఇరవై ఏళ్ల శ్రమ బూడిద పాలవుతుందని పెద్దల భయం. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. నిజాం ఇవ్వజూపిన రాజకీయ సంస్కరణలను ఒప్పుకోవాలా, తోసిపుచ్చాలా అన్న దగ్గర 1940లో మల్కాపురం సభలో ఈ భేదం పైకి వచ్చింది.

1941లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి గారు అధ్యక్షులయ్యారు. 1942లో ధర్మవరం సభకు మాదిరాజు రామకోటేశ్వరరావు గారు వచ్చారు. 1943లో హైదరాబాదు సభకు అధ్యక్ష పదవికి నేరుగా పోటీ జరిగింది. ఒక వైపు కొండా వెంకట రంగారెడ్డి గారు, మరొక వైపు బద్దం ఎల్లారెడ్డి గారు నిలబడ్డారు. రంగారెడ్డి గారు గెలిచారు. గెలుపు వచ్చింది గాని ఐక్యత రాలేదు. 1944లో భువనగిరి సభకు మళ్లీ రావి నారాయణరెడ్డి గారు అధ్యక్షులు కాగా, జాతీయవాదులనే రెండో వర్గం వారు ఆ సభకు దూరంగా ఉండిపోయారు. రూపాయిగా ఉన్న సభ్యత్వ రుసుము నాలుగు అణాలకు తగ్గింది. దానితో పాలేర్లు, కౌలు రైతులు వేల సంఖ్యలో చేరారు. నల్లగొండ, వరంగల్ పల్లెల్లో సంఘం అన్న ఒక్క మాట చెబితే చాలు, అది ఆంధ్ర మహాసభే అని అందరికీ తెలిసేది.

1945లో ఒక వర్గం మడికొండలో, మరొక వర్గం ఖమ్మంలో వేరువేరుగా సభలు జరుపుకున్నాయి. పేరు ఒకటే, సభలు రెండు.

కందిలో చివరి సభ

జాతీయవాదుల వర్గం 1946లో మన కందిలో సభ జరిపింది. సర్దార్ అని జనం పిలుచుకునే జమలాపురం కేశవరావు గారు అధ్యక్షులు. నేడు ఐఐటీ కట్టడాలతో పేరుకెక్కిన కందికి ఆ రోజుల్లో ఈ గౌరవం దక్కింది. అదే 1946లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు మీద నిషేధం తొలగడంతో ఈ వర్గం దానిలో కలిసిపోయింది. రెండో వర్గం వారి దారి పోరాటంలోకి సాగింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య కాల్పులలో మరణించడం, తరువాత 1951 దాకా సాగిన సాయుధ పోరాటం అందరికీ తెలిసినవే. జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ అనే పేరు అలా చరిత్రలో కలిసిపోయింది.

పదవి పోయినా పని పోలేదు

సంఘం రెండు ముక్కలైన ఆ రోజుల్లో హనుమంతరావు గారికి అరవై ఏళ్లు. తన చేతితో నాటిన చెట్టు కొమ్మలు విరిగి చెరోవైపు పడడం ఆయన కళ్లారా చూశారు. ఇక పెద్దవారి కాలం అయిపోయిందని కొత్తవారు అనుకునే స్థితి వచ్చింది. అయితే ఆయన చేతిలో మరొక పని ఉంది. 1928లోనే నారాయణగూడలో తెలుగు బాలికలకు బడి పెట్టారు. తెలుగు మాధ్యమంలో నడిచే ఆ బడికి నిజాం రాజ్యంలో గుర్తింపు రాకపోతే, పూనాలోని కార్వే గారి మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం సంపాదించి ఆడపిల్లల చేత పరీక్షలు రాయించారు. ఏ కార్వే గారు అధ్యక్షులుగా ఉన్న సభలో తెలుగుకు అవమానం జరిగిందో, ఆ కార్వే గారి విద్యాలయమే తెలుగు ఆడపిల్లల చదువుకు దారి అయింది. పాత కోపం పట్టుకుని కూర్చుంటే ఆ పని జరిగేది కాదు.

1948లో హైదరాబాదు భారతదేశంలో కలిసిన తరువాత, 1949, 1950 సంవత్సరాలలో ఆయన తెలంగాణా ఆంధ్రోద్యమము అనే పుస్తకం రెండు భాగాలుగా వెలువరించారు. సంఘం పుట్టుక, సభలు, తీర్మానాలు వరుసగా రాసి పెట్టారు. ఆ రోజుల సంగతులు నేడు మనకు తెలుస్తున్నాయంటే ఆ పుస్తకం పెద్ద ఆధారం. 1951లో ఆయన హైదరాబాదు నగరానికి తొలి మేయర్ అయ్యారు. 1955లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసన మండలి ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షులై 1964 దాకా ఆ పదవిలో ఉన్నారు. 1970 నవంబరు 11న కన్నుమూశారు. నారాయణగూడ బాలికల పాఠశాలకు ఆయన పేరే నిలిచింది.

మన సంఘాలకు

ఆంధ్ర మహాసభ చీలికలో కుర్రవారిదే తప్పు అనడానికి లేదు, పెద్దలదే తప్పు అనడానికీ లేదు. అది భూమి గురించి, వెట్టి గురించి, సర్కారును ఎదిరించే పద్ధతి గురించి వచ్చిన భేదం. మన కాలనీలలో, ఊళ్లలో వచ్చే చీలికలు చాలావరకు అటువంటివి కావు. నీళ్ల ట్యాంకు, వీధి దీపాలు, మురుగు కాలువ, ఫ్యాక్టరీల పొగ, చెరువులో కలిసే రసాయనం వంటి సమస్యలు ఇరు వర్గాల వారికీ సమానమే. అయినా వారు కలిసి ఒక అర్జీ మీద సంతకం పెట్టలేకపోతున్నారు.

అధ్యక్ష పదవిని ఏడాదికొకరు పంచుకోవడం, లెక్కలు అందరి ముందు చదవడం, చందా బీదవాడు కూడా కట్టగలిగినంత పెట్టడం, ఓడినవారు పని మానకుండా ఉండడం. ఇవన్నీ జోగిపేట నుంచి భువనగిరి దాకా జరిగిన సభల చరిత్రలో ఉన్నవే. జోగిపేటలోను, కందిలోను ఆ సభలు జరిగాయని నేటి పిల్లలలో చాలామందికి తెలియదు. ఈ రెండు ఊళ్ల బడులలో ఉపాధ్యాయులు, పంచాయతీ పెద్దలు ఏడాదికొకసారి అయినా ఆ సంగతి పిల్లలకు చెబితే బాగుంటుంది.