అమరజీవి నేర్పిన నియమం

ఉగాదినాడు మనలో చాలమంది ఏదో ఒక నియమం పడతాము. మామిడాకుల తోరణం వాడేలోగా ఆ నియమమూ వాడిపోతుంది. పట్టిన నియమాన్ని కడదాక నిలుపుకొన్న ఒక మహనీయుని ఈ పర్వదినాన స్మరించుకొనుట మనకు మేలు.

పొట్టి శ్రీరాములుగారు 1901 మార్చి 16వ తేదీన మద్రాసులో జన్మించారు. పూర్వులది నెల్లూరు జిల్లా. బొంబాయిలో పారిశుద్ధ్య ఇంజనీరింగు చదివి, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో సుమారు నాలుగేండ్లు ఉద్యోగం చేశారు. ఇంతలో భార్య, పసిబిడ్డ గతించారు. ముప్ఫైయేండ్లయినా నిండకమునుపే ఉద్యోగం వదలి, గాంధీజీ సబర్మతి ఆశ్రమం చేరారు. స్వాతంత్ర్యోద్యమంలో పలుమార్లు జైలుకు వెళ్లారు.

వారి పేరు వినగానే కడపటి నిరాహారదీక్షే మనకు తోస్తుంది. కాని ఆ బలం ఒక్కనాడు వచ్చినది కాదు. హరిజనోద్ధరణను గూర్చి అట్టలపై వ్రాసి, మెడలో తగిలించుకొని, కాళ్లకు చెప్పులు లేక, తలకు గొడుగు లేక నెల్లూరు ఎండలో వీధివీధి తిరిగేవారు. పిచ్చివాడని నవ్వినవారున్నారు. వారు మాత్రం మరునాడు మరల బయలుదేరేవారు. 1946లో హరిజనుల ఆలయప్రవేశం కొరకు నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి కోవెల విషయమై ఉపవాసముండి సాధించారు. నవ్వును సహించుట, ఎండను సహించుట, ఆకలిని సహించుట అన్నీ దినదినమూ చేసిన అభ్యాసాలే.

ఆంధ్రరాష్ట్రం కొరకు 1952 అక్టోబరు 19న, మద్రాసు మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట దీక్షకు కూర్చున్నారు. 58వ దినాన, డిసెంబరు 15 రాత్రి, ప్రాణం విడిచారు. ఆ వార్త విన్న జనం ఆగ్రహంతో రైళ్లు ఆపారు, స్టేషన్లు ధ్వంసం చేశారు; పోలీసు కాల్పులలో కొందరు మరణించారు. తన్ను తాను జయించిన మనిషి కొరకు దుఃఖించినవారు తమ కోపాన్ని జయించలేకపోయారు. నిగ్రహం ఎంత కష్టమో ఇంతకన్న నిదర్శనం వేరే అక్కరలేదు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. వారు పుట్టిన, ప్రాణం విడిచిన మద్రాసు అందులో చేరలేదు. మన బర్గూరు, కృష్ణగిరి, హోసూరు ప్రాంతాలూ చేరలేదు. మరి వారి త్యాగంలో మనకు భాగం లేదా? ఉన్నది. రాష్ట్రం సరిహద్దుతో ఆగుతుంది గాని, నియమానికి సరిహద్దు లేదు.

నేనూ రైల్వే గుమాస్తానే. రాత్రి డ్యూటీల సాకుతో పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పే పని మూడు ఉగాదులు వాయిదా వేశాను. మావాడు అమ్మమ్మకు వచ్చిన ఉత్తరాన్ని చదవలేక తలవంచుకొన్ననాడు సిగ్గుపడి, దినానికి పావుగంట కేటాయించాను. తప్పిన దినాలున్నవి, మరునాడు మరల కూర్చున్నాము. ఇప్పుడు వాడే ఆమెకు జాబు వ్రాస్తున్నాడు.

సోదర సోదరీమణులారా! అమరజీవివలె ఉపవాసాలుండనక్కరలేదు. ఈ ఉగాదికి ఒక్క చిన్న నియమం పట్టి, తప్పిననాడు మరునాడే మరల పట్టుదాము. అదే వారికి మన నివాళి.