బొమ్మ రైలు గేటులో తిరిగే మోటారుతో గడ్డం గీసే మెషీన్.. జి.డి. నాయుడు కథ తెలుసా?

బొమ్మ రైలు రాగానే దానంతట అదే కిందికి దిగే గేటు చూశారా? జి.మాడుగుల సంతలో కొన్నా, హైదరాబాద్ మాల్‌లో కొన్నా లోపల ఉండేది ఒకటే.. సెల్‌తో తిరిగే బుల్లి మోటారు. గేటు కదలకపోతే మనం పక్కన పడేస్తాం. కానీ అలాంటి బుల్లి మోటారునే గడ్డం గీసుకునే రేజర్‌లో పెట్టి ఔరా అనిపించారు ఓ తెలుగు మూలాలున్న పెద్దాయన. ఆయనే జి.డి. నాయుడు.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో పుట్టారు. తమిళనాడులో స్థిరపడిన తెలుగు కుటుంబం. చదువు పెద్దగా అబ్బలేదు. ఓ బ్రిటిష్ అధికారి దగ్గర మోటార్ సైకిల్ చూశాక మనసు దాని మీదే. హోటల్లో సర్వర్‌గా పనిచేసి, డబ్బు కూడబెట్టి దాన్ని కొనేశారు. కొన్నాక షికార్లు చేశారా? లేదు. ఏ పార్టుకు ఆ పార్టు విప్పేసి, మళ్లీ బిగించారు. మెకానిక్ పని అలాగే వంటబట్టింది.

1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో సర్వీస్ మొదలుపెట్టారు. అదే తర్వాత యూఎంఎస్ అనే పెద్ద బస్సు కంపెనీ అయింది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలోనే తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారు చేశారు.

ఆయన రేజర్ పేరు రసాంత్. కరెంటుతో పనిలేదు, డ్రై సెల్స్ చాలు. సెల్ నుంచి వచ్చే కరెంటు బ్రష్‌ల మీదుగా లోపలి తీగచుట్టకు వెళ్తుంది. తీగచుట్ట అయస్కాంతంలా మారి, పక్కనున్న అయస్కాంతాల మధ్య గిర్రున తిరుగుతుంది. బొమ్మ గేటులోనూ ఇదే సూత్రం.

కిరోసిన్ ఫ్యాన్, పండ్ల రసం తీసే మెషీన్, ఓట్లు నమోదు చేసే యంత్రం.. లిస్ట్ పెద్దదే. ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇస్తానని 1941లో ప్రకటించారు. 1952లో 2 వేల రూపాయల ఖరీదుతో ఇద్దరు కూర్చునే కారు తెచ్చారు. కానీ ప్రభుత్వం లైసెన్స్ ఇవ్వలేదు. కారు అక్కడే ఆగిపోయింది.

అసలు ట్విస్ట్ ఇక్కడే. పన్నుల విధానంపై కడుపు మండి, 1950లలో తన వస్తువుల్ని జనం ముందే పగలగొట్టి నిరసన తెలిపారు. విరిగినదాన్ని అతికించడమే జీవితంగా బతికిన మనిషి, సొంత చేతులతో చేసినవే విరగ్గొట్టాల్సి వచ్చింది. ఎంత బాధ ఉంటే ఆ పని చేస్తారు?

1974 జనవరి 4న ఆయన కన్నుమూశారు. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డులో తెరిచిన 10 కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కు ఆయన పేరే పెట్టారు.

ఇంతకీ మీ ఇంట్లో బొమ్మ గేటు ఆగిపోయిందా? పారేయకండి. సెల్ తీసి, అది ఆనే రేకుల మీద తుప్పు గీకండి. ఊడిన వైరు ఉంటే అతికించండి. అప్పటికీ తిరక్కపోతే మోటారు బ్రష్‌లు చూడండి. తిరిగిందా.. కాస్త అప్‌గ్రేడ్ చేయండి. ఓ రెసిస్టర్, ఎర్ర ఎల్‌ఈడీ కలిపితే గేటుకు సిగ్నల్ లైటు వచ్చేస్తుంది. పక్కన పిల్లల్ని కూర్చోబెట్టుకోవడం మాత్రం మర్చిపోకండి. నాయుడు గారు నేర్చుకున్నది కూడా ఇలా విప్పి చూసే!