కొత్త నగరంలో కుమారజీవుడు



ఊరుగాని ఊరు వెళ్ళినవాళ్ళకు మొదటిరోజు ఎట్లా ఉంటుందో తెలుసు. ఎక్కడ ఉండాలి, ఎవరితో మాట్లాడాలి, మన మాట వాళ్ళకు అర్థమవుతుందా అని ఒకటే దిగులు. అట్లాంటి చోట ధమ్మాన్ని నిలబెట్టిన ఆచార్య కుమారజీవుని జీవితం మనం తెలుసుకోవాలి.

ఆయన 4వ శతాబ్దం మధ్యలో మధ్య ఆసియాలోని కూచా రాజ్యంలో పుట్టారు. ఆ ప్రాంతం ఇప్పుడు చైనాలో ఉంది. తండ్రి కుమారాయణుడు భారతదేశం నుంచి వెళ్ళినవాడు. తల్లి జీవ, కూచా రాజు చెల్లెలు. ఇద్దరి పేర్లూ కలిసి బిడ్డ పేరయింది. బిడ్డకు ఏడేళ్ళప్పుడు తల్లి భిక్షుణి అయింది, అతన్నీ సంఘంలో చేర్చింది. తొమ్మిదేళ్ళప్పుడు తల్లీకొడుకులు కొండలు దాటి కశ్మీరం వచ్చారు. అక్కడ ఆయన బంధుదత్తుని దగ్గర ఆగమాలు చదివారు. తిరిగి వెళ్తూ కాష్గర్‌లో సూర్యసోముని ద్వారా శూన్యతా బోధను అందుకున్నారు. ఆయన పేరు చైనా దాకా పాకింది.

ఆ పేరే ఆయన్ని బందీని చేసింది. చైనా చక్రవర్తి ఫు జియాన్ పంపిన సేనాని ల్యూ గ్వాంగ్ 384లో కూచాను జయించి, ఆయన్ని పట్టుకున్నాడు. ఆయన్ని గేలిచేశాడు, బలవంతంగా ఒక రాకుమార్తెతో పెళ్ళి చేశాడు. ఈలోగా చక్రవర్తి హతుడయ్యాడు. సేనాని గూజాంగ్ పట్టణంలో తానే రాజై కూర్చున్నాడు. ఆ రాజులకు ధమ్మం మీద ఆసక్తి లేదు. ఆయన్ని వేరేచోటికి పంపడానికీ ఒప్పుకోలేదు. దాదాపు 16 ఏళ్ళు అట్లాగే గడిచాయి.

మనమైతే ఏం చేసేవాళ్ళం? నా బతుకు ఇంతే అని కూలబడేవాళ్ళమేమో. ఆయన మాత్రం ఆ ఏళ్ళలో చైనా భాష నేర్చుకున్నారు. ఆ భాష ఎప్పుడు పనికొస్తుందో, అసలు వస్తుందో రాదో కూడా తెలియని రోజులవి.

చివరికి చాంగాన్ పాలకుడు యావ్ షింగ్ సేన గూజాంగ్ రాజును ఓడించింది. చైనా పంచాంగం ప్రకారం ఆ ఏడాది పన్నెండో నెల 20వ రోజున, మంచి చలికాలంలో, కుమారజీవుడు చాంగాన్ నగరం చేరారు. మన లెక్కలో 401 ముగిసి 402 మొదలైన రోజులు. నేటి షియాన్ నగరమే అది. అప్పటికి ఆయన యాభై దాటినవారు. పాలకుడు ఆయన్ని రాజగురువుగా గౌరవించి, బస ఏర్పాటు చేశాడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. అంత ప్రయాణం, అన్నేళ్ళ బందీ బతుకు తర్వాత కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకున్నా ఎవరూ తప్పుపట్టరు. కానీ 26వ రోజున, అంటే చేరిన ఆరు రోజులకే, సెంగ్ రుయి అనే భిక్షువు కోరితే ఆయన ధ్యాన పద్ధతులు బోధించడం మొదలుపెట్టారు. కొత్త ఊళ్ళో ఆయన తొలి పని మనసును ఎట్లా నిలపాలో చెప్పడమే.

ఆ తర్వాత పెద్ద పని మొదలైంది. అంతకుముందు బౌద్ధ గ్రంథాల్ని చైనా భాషలోకి మార్చినవాళ్ళు చాలాచోట్ల తావో మతం మాటలు వాడేవారు. దాంతో శూన్యత అంటే ఏమీ లేకపోవడమని జనం పొరబడేవారు. ఆయన మూలగ్రంథం చేతబట్టి చైనా భాషలో చెబుతుంటే, పాలకుడే పాత అనువాదం పట్టుకుని పోల్చి చూసేవాడు. వందలమంది భిక్షువులు అర్థం చర్చించేవారు. సద్ధర్మ పుండరీకం, వజ్రచ్ఛేదిక, విమలకీర్తి సూత్రాలు అట్లా వచ్చాయి. మన నాగార్జునకొండతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుని మధ్యమక కారికలు కూడా 409లో ఆయన నోటనే చైనాకు చేరాయి.

ఆయన జీవితంలో మచ్చ లేదని చెప్పలేం. ఇంతటి పండితునికి సంతానం ఉండాలని పాలకుడు పట్టుబట్టి, ఆయన్ని విహారం బయట స్త్రీలతో ఉంచాడు. వినయ నియమం భంగమైంది. ఆయన దాన్ని దాచలేదు, సమర్థించుకోలేదు. బురదను వదిలి అందులో పూసిన తామరను మాత్రమే తీసుకోమని శిష్యులకు చెప్పేవారట. 413లో ఆ నగరంలోనే కన్నుమూశారని ప్రసిద్ధి.

మిత్రులారా, మనకు నచ్చని చోట, నచ్చని మనుషుల మధ్య గడిచే కాలం వృథా అనుకుంటాం. గూజాంగ్‌లో నేర్చిన భాష లేకపోతే చాంగాన్‌లో ఆ గ్రంథాలు అట్లా వచ్చేవి కావు. ఓర్పు అంటే ఊరికే భరించడం కాదు. చేతిలో ఉన్న రోజును సాధనగా మార్చుకోవడం. ఈరోజు మనం ఎక్కడున్నా అక్కడి నుంచే మొదలుపెడదాం.