ఆరని ఆవము: ఫ్రీడ్రిఖ్ హాఫ్‌మన్

పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలోని పట్టణములు త్వరితముగ పెరుగజొచ్చెను. కర్మాగారములకును, రైలు వంతెనలకును, నివాసగృహములకును లెక్కలేనన్ని ఇటుకలు కావలసివచ్చెను. ఆ కాలపు ఆవములలో ఇటుకలను కాల్చి, చల్లారిన పిమ్మట వెలికి తీసి, మరల క్రొత్తగా నిప్పు రగుల్పవలసియుండెను. ప్రతి పర్యాయమును ఎంతయో వేడి వృథాగా పోవుచుండెను. ఈ నష్టమును మాన్పుటకు పూనుకొన్నవాడు ఫ్రీడ్రిఖ్ హాఫ్‌మన్.

ఆయన 1818లో ప్రష్యా రాజ్యములోని గ్రోనింగెన్ అను చిన్న పట్టణమున జన్మించెను. బెర్లిను నగరమున నిర్మాణవిద్య నభ్యసించి, రైలుమార్గముల పనులలో కొంతకాలము గడపెను. 1858లో తాను రూపొందించిన క్రొత్త ఆవమునకు పేటెంటు హక్కు పొందెను. మరుసటి ఏట స్టెట్టిన్ నగర సమీపమున అట్టి మొదటి ఆవము వెలసెను. ఆ నగరము నేడు పోలండు దేశమున నున్నది.

ఆ ఆవము వలయాకారము. నడుమ ఎత్తైన పొగగొట్టము. చుట్టును కమానుకప్పు గల గదులు. పైకప్పు రంధ్రములగుండ నేలబొగ్గు వేయుదురు. నిప్పు ఒక గదినుండి మరియొక గదికి మెల్లగా సాగును. వెనుకనుండి వచ్చు చల్లని గాలి కాలిన ఇటుకలను చల్లార్చి, తాను వేడెక్కి నిప్పును చేరును. నిప్పును దాటిన వేడిపొగ ముందున్న పచ్చి ఇటుకలను వెచ్చబరచి, పిదప పొగగొట్టములోనికి పోవును. ఒకవైపు చల్లారిన ఇటుకలను తీయుచుండగనే మరియొకవైపు పచ్చి ఇటుకలను పేర్చుదురు. నిప్పు మాత్రము ఆరదు. ఇందువలన ఇంధనము మిక్కిలి ఆదా అయ్యెను.

1867లో పారిసు ప్రదర్శనమున ఈ ఆవమునకు అగ్రబహుమానము లభించెను. కాని కీర్తి వెంట కష్టమును వచ్చెను. ఇట్టి ఆవము అంతకు పూర్వమే కలదని ప్రత్యర్థులు వాదింపగా, 1870లో ప్రష్యాలో ఆయన హక్కు రద్దయ్యెను. ఎన్నో ఏండ్ల శ్రమకు ఫలమైన హక్కు చేజారినను హాఫ్‌మన్ క్రుంగిపోలేదు. సైలీషియాలోని సీగర్స్‌డార్ఫ్‌లో స్వయముగ ఇటుకల కర్మాగారము నడపెను. 1900లో బెర్లినులో కన్నుమూసెను.

ఆయన ఆవము దేశదేశములకు వ్యాపించెను. 1876లో భారతదేశమున వెలసిన కప్పులేని బుల్ బట్టీకి మూలము ఈ సూత్రమే. మన యిండ్ల గోడలలోని ఇటుకలు పెక్కు అట్టి బట్టీలలో కాలినవే. జర్మనీలోని మిల్డెన్‌బెర్గ్‌లో పాత వలయపుటావములను నేడు ప్రదర్శనశాలగా కాపాడుచున్నారు. పొగ లేచుట ఎన్నడో నిలిచినది. మసిబారిన ఆ కమానులు మాత్రము చూచువారికి ఒక శ్రమజీవి చరిత్రను తెలుపుచున్నవి. హక్కు పత్రమును రద్దు చేయవచ్చును గాని, లోకమునకు చేసిన మేలును రద్దు చేయుట ఎవరి తరము?