కర్నల్ కొట్టారి కనకయ్య నాయుడుగారు

క్రికెట్టు క్రీడయందు భారతదేశమునకు తొలి టెస్టు నాయకులైన నాయుడుగారి చరిత్రమును మీకు సంగ్రహముగా నివేదించుచున్నాము. ప్రతిభకు పోషణ మెట్లు తోడ్పడునో, ఎట్లు అడ్డుపడునో రెండును ఇందు గోచరించును.

ఆయన 1895 అక్టోబరు 31వ తేదీన నాగపురమునందొక తెలుగు కుటుంబమున జన్మించిరి. 1916లో బొంబాయి పోటీలలో హిందువుల పక్షమున యూరపియనుల నెదుర్కొని, మొదటి మూడు బంతుల నడ్డగించి, నాలుగవ బంతిని సిక్సరుగా కొట్టిరి. 1923లో ఇండోరు ప్రభువగు హోల్కరు మహారాజు ఆయనను రావించి తమ సైన్యమున కప్తాను పదవి నొసంగిరి. ఆ యాదరణముచే జీవనచింత తొలగి, ఆట వికసించెను. 1926 డిసెంబరు 1వ తేదీన బొంబాయిలో ఇంగ్లండు ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సరులతో 153 పరుగులు చేసిరి. ప్రత్యర్థులే మెచ్చి వెండి బ్యాటును బహూకరించిరి.

1932 జూన్ 25వ తేదీన లండనులోని లార్డ్సు మైదానమున భారతదేశపు తొలి టెస్టు ప్రారంభమయ్యెను. పోరుబందరు మహారాజు నాయకత్వమునుండి తప్పుకొనగా ఆ భారము నాయుడుగారిపై బడెను. చేతికి గాయమైనను 40 పరుగులు చేసి, తొలి ఇన్నింగ్సున మనవారిలో ప్రథములై నిలిచిరి. భారతజట్టు 158 పరుగులతో నోడినను గౌరవము దక్కెను.

1936లో నాయకత్వము, నైపుణ్యమున ఆయనకు సాటిరాని విజయనగర మహారాజకుమారునకు పలుకుబడిచే లభించెను. నాయుడుగారు సామాన్య సభ్యులుగనే ఆడిరి. ఓవలు మైదానమున బంతి దెబ్బ తగిలినను వెనుదీయక 81 పరుగులు చేసిరి. అదియే వారి చివరి టెస్టు.

తరువాత హోల్కరు జట్టునకు రంజీ ట్రోఫీని నాలుగుసార్లు సాధించిపెట్టిరి. 1953లో ఆంధ్రజట్టు తొలిసారి ఆ పోటీలలో దిగినప్పుడు, 58 ఏండ్ల వయసున దానికి నాయకత్వము వహించిరి. 1956లో పద్మభూషణ బిరుదమును పొంది, 1967 నవంబరు 14వ తేదీన ఇండోరున దివంగతులైరి.

హోల్కరు ప్రభువు ప్రతిభకు చోటిచ్చెను. 1936 నాటి పలుకుబడి ప్రతిభ కూర్చుండవలసిన చోటును తానే యాక్రమించెను. పోషకులు ఈ రెంటిలో దేని నెన్నుకొందురో ఆలోచింపవలెను. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియు ఈ అనంతపురమున 2024లో దులీప్ ట్రోఫీ పోటీలు జరిగినవి. మైదానము గలదు, వేరుశనగ చేలు ఎండిన యేడు బిడ్డను ఆట మాన్పించి కూలికి పంపు తండ్రియు గలడు. అట్టి బిడ్డకు కూడును, బూట్లును, బడిజీతమును సమకూర్చి, ఎంపికలో మాత్రము తన వారికై చేయిచాపని దాతయే నాయుడుగారిని నిజముగా స్మరించినవాడని మా విశ్వాసము.