పులస పటము వ్రాయించిన పాట్రిక్ రస్సెల్

శ్రావణ భాద్రపదములలో గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినప్పుడు సముద్రమును వీడి ప్రవాహమున కెదురీదుచు వచ్చు పులస డెల్టావాసులకు క్రొత్తది కాదు. పుస్తెలమ్మియైనను తినదగినదని దానికి ప్రతీతి. ఆ చేప రెండు శతాబ్దములకు పూర్వమే తెలుగు పేరుతో, పటముతో లండను నగరమున అచ్చు పుస్తకమున కెక్కినదని యెఱిగినవారు మాత్రము అరుదు. ఆ పని చేసినవాడు డాక్టరు పాట్రిక్ రస్సెల్.

రస్సెల్ 1726 ప్రాంతమున స్కాట్లండులోని ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాది. వైద్యవిద్య ముగించి 1750లో సిరియా దేశమునందలి అలెప్పో పట్టణమునకు పోయి, అచ్చట వైద్యుడుగా నుండిన అన్న అలెగ్జాండరును చేరెను. అన్న స్వదేశమునకు మరలిన పిదప ఆ యుద్యోగము తమ్మునిదయ్యెను. 1760 మొదలు రెండు మూడేండ్లు అచ్చట మహామారి చెలరేగినప్పుడు ఆయన రోగులను విడిచి పోలేదు. ఆ యనుభవమే పిమ్మట 1791లో గ్రంథరూపము దాల్చినది. 1777లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను.

ఏబదియైదేండ్ల వయస్సున, ఇక విశ్రాంతి గైకొనవలసిన కాలమున, ఆయన తెలుగుదేశమునకు వచ్చెను. సోదరుడు క్లాడ్ విశాఖపట్టణమున కంపెనీ అధికారిగా నియమితుడు కాగా 1781లో అతనికి తోడుగా వచ్చినాడే గాని, తనకంటూ ఉద్యోగమేమియు లేదు. 1785లో కంపెనీవారి ప్రకృతి శాస్త్రవేత్త కోనిగ్ కాకినాడ చెంతనున్న జగన్నాథపురమున మరణింపగా ఆ పదవి రస్సెలునకు లభించెను. ఆ దినములలోనే సామర్లకోటలో రాక్స్‌బర్గ్ దొర దేశీయ చిత్రకారులచే మొక్కల పటములు వ్రాయించుచుండెను. వానిని అచ్చువేయింపవలెనని కంపెనీకి సూచించినవాడు రస్సెలే. 1795లో వెలువడిన ఆ గ్రంథమునకు పీఠికయు ఆయనదే.

రస్సెల్ పేరు చెప్పగనే పండితులకు పాములు స్మరణకు వచ్చును. రక్తపింజరి శాస్త్రనామములో నేటికిని ఆయన పేరున్నది. బంగారు పామను తెలుగు మాటనుండియే కట్లపాముల జాతికి శాస్త్రనామ మేర్పడినది. కాని చేపల విషయమున ఆయన పడిన శ్రమ అంతకు తక్కువది కాదు.

చేపను చిత్రించుట మొక్కను చిత్రించుట వంటిది కాదు. కోసిన కొమ్మ నీటిలో నుంచిన ఒకపూట నిలుచును. చేప ఒడ్డున బడిన కొలదిసేపటికే మెఱుపు కోల్పోవును. ఎండదేశమున కుళ్లును త్వరపడును. చిత్రకారుడు రెక్కలను విప్పి, వానియందలి ముండ్లను లెక్కించి, పొలుసుల వరుస తప్పక గీయవలెను. ఒక ముల్లు తగ్గిన అది మఱియొక జాతి యనిపించుకొనును. దేశీయ చిత్రకారులకు దట్టమైన రంగులు పూయుట అలవాటు. దొరల కొలువున నీటిరంగును పలుచగా, పొరపై పొరగా దించుట వారు నేర్చిరి. వెండి మెఱుపు కావలసినచోట రంగు వేయక కాగితపు తెలుపునే విడుచుట ఇందలి కిటుకు. పులస వంటి తెల్లచేపకు ఇదియే ప్రాణము.

రస్సెల్ మఱియొక మంచిపని చేసెను. ప్రతి చేపకును జాలరులు చెప్పిన తెలుగు పేరునే ముందుంచెను. పాలసొర, పాలబొంత, పలస, ఇట్లు తీరమున వినబడినవి వినబడినట్లు ఆంగ్ల లిపిలో వ్రాసికొనెను. వ్రాత కొంత వంకర పోయినను గుర్తుపట్టుట కష్టము కాదు.

1789 జనవరిలో ఆయన స్వదేశమునకు ఓడ యెక్కెను. పాముల గ్రంథపు మొదటి సంపుటము 1796లోను, విశాఖపట్టణమున సేకరించిన రెండువందల చేపల గ్రంథము 1803లో రెండు సంపుటములుగాను వెలువడినవి. అందు పులస 198వ పటము. 1805 జులై 2వ తేదీన రస్సెల్ లండనులో కన్నుమూసెను.

తరువాతి కథ కొంత విచారకరము. శాస్త్రలోకమున చెల్లుబడి కావలెనన్న చేపకు లాటిను పద్ధతిలో రెండు మాటల పేరుండవలెను. రస్సెల్ పులసకు అట్టి పేరు పెట్టలేదు. 1822లో హామిల్టన్ బుకానన్ గంగానది చేపల గ్రంథమున వంగదేశపు ఇలీషు మాటతో దానికి నామకరణము చేసెను. ఏడేండ్లు గడచి, 1829లో ఫ్రెంచి పండితుడు కువియే రస్సెల్ పటమును చూచి పలస యని తెలుగు పేరు పెట్టినను, ముందు వచ్చినదే నిలుచునను నియమము చేత అది త్రోసివేయబడినది. పటము పందొమ్మిదేండ్లు ముందైనను పేరు ఏడేండ్లు వెనుకబడినది!

దానికంటెను పెద్దలోటు వేఱొకటి కలదు. బుకాననునకు బొమ్మలు వ్రాసినవారిలో హాలుదారను నాతని పేరైనను నిలిచినది. రస్సెలునకు చేపలు చిత్రించిన దేశీయుని పేరు లోకమునకు దక్కలేదు. ఊరి అడంగలులో చేను, గట్టు, చెట్టు అన్నియు చక్కగా నమోదై, దున్నినవాని గడి మాత్రము ఖాళీగా నుండినట్లున్నది. ఏ వీధివాడో, ఎవరివద్ద కుంచె పట్ట నేర్చెనో తెలియదు. పలస అను మాట మాత్రము నేటికిని శాస్త్రజ్ఞుల పట్టికలలో, కొట్టివేసిన పేర్ల వరుసన, కానవచ్చును.