అణా భోజనం పెట్టిన అధ్యక్షుడు: సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు

చెన్నపట్నపు తెలుగువారిలో సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారిది ప్రాతఃస్మరణీయమైన నామం. 1852లో దేవాంగ కుటుంబంలో జన్మించి, ప్రెసిడెన్సీ కళాశాలలో 1876లో పట్టభద్రులైన వీరు కులవృత్తియైన చేనేతను విడువక మగ్గాలు నడిపించారు. 1916లో డాక్టర్ టి.ఎం. నాయర్ ప్రభృతులతో కలసి వీరు నెలకొల్పిన సంస్థయే జస్టిస్ పార్టీగా ప్రసిద్ధి గాంచింది. 1920 ఎన్నికలలో ఆ పక్షం గెలుపొందగా, గవర్నరు స్వయంగా ఆహ్వానించినా ప్రథమ మంత్రి పదవిని వీరు స్వీకరించలేదు. చరిత్రకారులు ఈ త్యాగాన్నే విశేషంగా ప్రశంసిస్తారు. బడి హాజరుపట్టీతో జీవితం గడిపిన నాకు మాత్రం వారి నగరపాలక సేవయే మిన్నగా తోస్తుంది.

1882 మొదలు 1922 వరకు, నలభై సంవత్సరాలు వీరు మద్రాసు నగరపాలక సంస్థ సభ్యులు. మంచినీరు, మురుగుకాలువ, వీధిదీపం, ప్రాథమిక పాఠశాల పేదవాని గడప దాకా చేరేదీ లేనిదీ నిర్ణయమయ్యేది అటువంటి సభలలోనే. ఆ సంస్థకు ఎన్నికైన తొలి అధ్యక్షులు కూడా వీరే.

థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ పాఠశాలకు వచ్చే బాలలు నిరుపేదలు. ఆ లేమి వలన హాజరు క్షీణిస్తున్నదని గుర్తించి, 1920లో వీరి అధ్యక్షతన సంస్థ ఒక తీర్మానం చేసింది. బాలునికి రోజుకు ఒక అణాకు మించకుండా ఖర్చు చేసి మధ్యాహ్నం అల్పాహారం పెట్టాలన్నదే ఆ తీర్మానం. ఖాళీ కడుపుతో కూర్చున్న పిల్లవానికి ఎక్కం ఎక్కదని ఏ ఉపాధ్యాయినికి తెలియదు? కాని దానిని పద్దుగా వ్రాసి, నిధి కేటాయించడం అప్పటికి క్రొత్త. తరువాత మరి నాలుగు పాఠశాలలకు విస్తరించింది. 1922–23లో 811గా ఉన్న విద్యార్థుల సంఖ్య 1924–25 నాటికి 1671కి పెరిగింది.

అయితే ప్రాథమిక విద్యానిధి నుండి భోజనానికి వెచ్చించడానికి ప్రభుత్వం సమ్మతించలేదు. తీర్మానం నగరానిదే అయినా నిధిపై అధికారం పైవారిది! 1925 ఏప్రిల్ 1న అన్నం ఆగిపోయింది. చెట్టిగారు పరమపదించినదీ ఆ సంవత్సరమే. కొన్నాళ్లకు పరిమితంగా పునరుద్ధరించబడిన ఆ ఏర్పాటు, 1956లో కామరాజ్ గారి కాలంలో రాష్ట్రమంతటికీ వ్యాపించింది.

పట్టుచీరల కొరకు టి.నగర్ వీధులలో తిరిగే మన పూర్వవిద్యార్థినులలో ఎందరికి తెలుసునో గాని, ఆ 'టి' ఈ నేతకుటుంబపు పెద్దమనిషి పేరే. రిప్పన్ భవనం ముంగిట వారి విగ్రహం ఉంది.